పీపా మీద పెన్సిలు గీత

సముద్రాలు దాటి టార్నీట్‌లో కూతురింటికి వచ్చిన నెలకే ఏసుమణికి అల్లుడి మీద అనుమానం పట్టుకుంది. ఎలియాజర్ మంచివాడే, ఆదివారం చర్చి తప్పడు. కానీ గ్యారేజీలో రెండో ఫ్రిజ్ పెట్టి దానికి తాళం వేసుకున్నాడు. ఆఫీసు నుంచి రాగానే తీసి చూసి, మళ్లీ తాళం వేస్తాడు.

అడిగితే దాచలేదు. జర్మనీవాళ్లు మార్చిలో కాచి, నెలల తరబడి చల్లగా నిలవబెట్టి, అక్టోబరు జాతరకు తీసే బీరట. తనే కాచాడట. అందాకా చుక్క ముట్టకూడదట.

"ఇంట్లో పెట్టుకుని ఆర్నెల్లు ఆగే మగాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు బాబూ" అంది ఏసుమణి.

ఎలా చూస్తుంది? మొగుడు లాజరస్ బిందెల దగ్గర్నుంచి పడవ దాకా తాగేసి పోయాడు. ఆ బతుకు కూతురు షారన్‌కి రాకూడదు. బీరు తగ్గిందా, కూతుర్ని వెంటబెట్టుకుని కాకినాడ పోవడమే.

తాళంచెవి అల్లుడి పాత బూటులో దొరికింది. లోపల కుళాయి ఉన్న స్టీలు పీపా. ఊళ్లో కిరసనాయిలు డ్రమ్ము చూసినట్టే, గరిటెతో పైనుంచి కిందికి కొడుతూ వచ్చింది. డొల్ల మోత పోయి మొద్దు చప్పుడు మొదలైన చోట పెన్సిలుతో గీత గీసింది. రోజూ అందరూ వెళ్లాక అదే పని. ఆ దేశంలో చలికాలమైన జూన్, జూలైల్లో చలి ముదిరినా చప్పుడు గీత దాటలేదు. దాంతో ఇంకా అనుమానం. లాజరస్ కూడా నీళ్లు పోసి మట్టం సరిచేసేవాడు మరి.

ఆగస్టులో జ్వరమొచ్చి వారం పడుకుంది. లేచి కొట్టి చూస్తే చప్పుడు రెండు వేళ్లు దిగిపోయింది.

సాయంత్రం గరిటె చేతబట్టి అల్లుణ్ణి నిలదీసింది. ఎలియాజర్ గ్యారేజీలోకి పరిగెత్తి, వెలవెలబోయి తిరిగొచ్చాడు. బైబిలు ముట్టుకుంటానన్నాడు. ఒట్లు ఆమెకు కొత్త కాదు. కానీ అది దొంగ మొహం కాదు, సొమ్ము పోయినవాడి మొహం.

సింకు దగ్గర షారన్ వెనక్కి తిరగలేదు.

"నేనేనమ్మా. ఒక్క గ్లాసు."

"ఒకటేనా?"

గిన్నె కడిగిందే కడుగుతోంది షారన్. రెండు వేళ్లంటే ఎన్ని గ్లాసులో ఏసుమణికి తెలుసు.

ఎలియాజర్ తాళంచెవి తెచ్చి అత్తగారి చేతిలో పెట్టాడు. ఆమె పాత గీత చెరిపి, రెండు వేళ్ల కింద కొత్తది గీసి, చెవిని కొంగున ముడేసుకుంది. ఆమె తిరుగు టికెట్టు సెప్టెంబరుకి ఉంది.

"అక్టోబరు దాటాక ఉండేట్టు మార్పించు బాబూ" అంది, కూతుర్నే చూస్తూ.