తెర ఆపేసి విన్నాం

కిసుము బస్టాండు వెనకనున్న మా కొట్లో కొత్త కంప్యూటర్లు ఉండవు. ఎక్కడెక్కడి ఆఫీసుల్లోనో వాడి పక్కన పడేసినవి ఓడల్లో వస్తాయి. వాటిని తుడిచి, బాగుచేసి, కావలసిన సాఫ్ట్‌వేర్లు ఎక్కించి అమ్ముతాం. ముందు ఏది ఎక్కించాలన్న దాని మీద నాకూ, నా భాగస్వామి ఒదెరోకీ రోజూ తగువే. పాటలూ సినిమాలూ ఆడించేది లేకపోతే అది కంప్యూటరే కాదంటాడు వాడు. ముందు వైరస్‌లకు కాపలా, తరవాతే సరదాలని నేనంటాను.

అలాంటి తగువు మధ్యలోనే ఒక రోజు పొద్దున అకెయో వచ్చింది. సరస్సు ఒడ్డు హోటల్లో ఫోన్లు ఎత్తేది ఆమే. ఊళ్ళో సగం మందికి ఆ గొంతు తెలుసు. మనిషిని చూడటం మాత్రం నాకదే మొదలు. పుట్టుకతోనే చూపు లేదు. తెల్ల కర్రతో గడప తడిమి లోపలికొచ్చింది.

"తేల్చుకున్నారా, ఇంకా కొట్టుకోవాలా? బయట చేపలమ్మేవాళ్ళు కూడా మీ తగువే వింటున్నారు," అంది.

ఒదెరో సిగ్గుపడి స్టూలు జరిపాడు. "కూచో అక్కా. ఎవరికి కంప్యూటరు?"

"నాకే."

వాడు నా వైపు చూశాడు. ఆమెకు ఎలా తెలిసిందో మరి, "ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకోవడం అయ్యాక చెప్పండి," అంది. "తెర మీదున్నదంతా చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఒకటుంది. మా హోటల్లో దిగినాయన వాడుతుంటే విన్నాను. ఊరికే దొరుకుతుందట. ముందు అది పెట్టండి, తక్కినవి తరవాత."

ఇన్నేళ్ళుగా ఇదే పనిలో ఉన్నా అలాంటిది ఉందని నాకు తెలియదు. ఇంటర్నెట్లో వెతికితే దొరికింది. చిన్నదే, టీ తాగేలోపు దిగింది. ఎక్కించి తెరవగానే ముక్కుతో మాట్లాడే మగ గొంతు ఒకటి తెర మీది పేర్లన్నీ వరసగా చదవడం మొదలుపెట్టింది. నేను ఉలిక్కిపడ్డాను.

"ఇంత నత్తనడకా! తొందరగా చెప్పమను," అంది అకెయో. వేగం పెంచాను. ఇంకా అంది. ఇంకా పెంచాను. చివరికి వేడి పెనం మీద నీళ్ళు చిలకరించిన చప్పుడు తప్ప నాకొక్క మాటా అందలేదు.

"నీకు అర్థమవుతోందా అక్కా?"

"రోజంతా కోపంలో ఉన్నవాళ్ళ ఫోన్లు వింటాను. ఇదెంత?"

బళ్ళో టైపు నేర్చుకుందట. మీటలు తడుముకుని తన పేరూ, ఊరి పేరూ కొట్టింది. ఆమెది అహేరో. గొంతు, "ఎకీయో, ఎ హీరో," అంది.

ఒదెరో పగలబడి నవ్వాడు.

"మా ఊరంతా హీరోలైపోయారన్నమాట," అంది అకెయో. "సరే గానీ, మా నాన్న పెట్టిన పేరుకి దీని నోరు తిరగదా? నేర్పే దారేదో ఉంటుంది, చూడు."

చూస్తే నిజంగానే ఉంది. ఏ మాటనెలా పలకాలో మనమే రాసిపెట్టే చోటు. అక్షరాలు అటూ ఇటూ మార్చి రాస్తూ పోయాను. ఆకాయో, అక్కీయో, ఎకయ్యో. ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఎట్టకేలకు "అకెయో" అని సరిగ్గా పలికింది. ఆమె మళ్ళీ ఒకసారి చెప్పించమంది, అంతే.

"ఇప్పుడు నాది పెట్టనీ. పాటలకి దీన్ని మించింది లేదు," అంటూ ఒదెరో తన ముద్దుల ప్లేయరు ఎక్కించాడు. అకెయో మీటలు నొక్కుతూ పోతే గొంతు, "బటన్. బటన్. బటన్," అంది.

"ఏం బటను?"

"మొదటిది పాట మొదలెట్టేది, రెండోది ఆపేది."

"అది నీకు తెలుసు తమ్ముడూ, దానికి తెలీదు. పాట వినాలంటే నిన్ను పక్కలో కూర్చోబెట్టుకోవాలా? మీ ఆవిడ ఊరుకుంటుందా?"

వాడి మొహం మాడిపోయింది. నేను లోలోపల సంబరపడ్డాను, కాసేపే. నా వైరస్ కాపలాదారు కిటికీ తెరుచుకోగానే గొంతు పూర్తిగా మూగబోయింది.

ఇక నన్ను ఆపేవాళ్ళు లేరు. మేం అందరికీ ఎక్కించేవాటిలో ఏది మాట్లాడుతుందో, ఏది మాట్లాడదో చూడాల్సిందే అనిపించింది. తెర ఆపేశాను. కళ్ళు తెరుచుకునే ఉన్నా, నా చేతులతో నేనే బాగుచేసిన కంప్యూటర్లో దారి తప్పాను. ఒక ఫైలు దాచబోయి చెరిపేశాను. అకెయో నా చెయ్యి పట్టుకుని మౌసు మీంచి తీసి, మీటల మీద పెట్టింది.

"చూడబోకు. అదేం చెబుతుందో విని, తరవాత కదులు."

గిరాకీని ఒదెరోకి వదిలేసి, ఇద్దరం అలా ఒక్కొక్కటే విప్పి విన్నాం. గొప్ప పేరున్నవి చాలానే మట్టికరిచాయి. ఎవరూ అడగడం లేదని మేం మూలకు తోసేసిన బొమ్మల్లేని పాత ప్లేయరొకటి మాత్రం ప్రతి బటన్నూ పేరు పెట్టి పిలిచింది. రాసుకునే సాఫ్ట్‌వేరు కూడా నిలిచింది. అకెయోకి ఎక్కువ కావలసింది అదేనట.

"ఇంతకీ ఏం రాస్తావక్కా?"

"రేడియోకి నాటకం. ఇన్నాళ్ళూ నేను చెబుతుంటే మా తమ్ముడి పెళ్ళాం రాసేది. భక్తురాలు. నా తిట్లన్నీ మింగేసి, ప్రార్థనలు కలిపేది."

నాకు నవ్వాగలేదు. ఫోన్లో ఊరందరి గుట్టూ వినే మనిషి, తిట్లతో సహా నాటకం రాస్తే!

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. గొంతు మాకు వినిపించడం ఆగిపోయింది. తెర ఇంకా నల్లగానే ఉంది. వేళ్ళు గబగబా కదులుతున్నాయి. మధ్యలో ఆగి వింటుంది, తనలో తను నవ్వుకుంటుంది, మళ్ళీ కొడుతుంది. గిరాకీ వదిలేసి ఒదెరో కూడా వచ్చి నిలబడ్డాడు.

"మనం ఉన్నామంటావా అందులో?" నా చెవిలో గొణిగాడు.

"నాకేం తెలుసు?"

"తెర వెయ్యి, ఒక్కసారి చూసి ఆపేద్దాం."

నిజం చెప్పొద్దూ, నా వేలు అప్పటికే స్విచ్చి మీద ఉంది. కానీ నొక్కలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని, ఆమె నవ్వినప్పుడల్లా ఇదెవరి గురించై ఉంటుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.