పెన్నుకు ఎర్ర తొడుగు

సోమవారం పొద్దున ఎనిమిదో అంతస్తు పాంట్రీలో యాదమ్మ ఒక రబ్బరు ముక్కను రెండు వేళ్లతో పట్టుకుని, చచ్చిన బొద్దింకను చూసినట్టు చూసింది.

"నాకొద్దు మేడం. ఎర్రది గద."

దాన్ని ఇచ్చిన ఉదయశ్రీకి ఆ మాట అర్థం కాలేదు. ఆమె ఆ అంతస్తులోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. యాదమ్మ పదకొండేళ్లుగా ఆ బిల్డింగులో హౌస్‌కీపింగ్ చేస్తోంది. అక్కడ పనిచేసేవాళ్లకు రంగంటే చూసి ముచ్చటపడేది కాదు. ఎర్ర గుడ్డ బాత్రూములకు, ఆకుపచ్చది పాంట్రీకి, నీలంది టేబుళ్లకు. కొత్తగా చేరిన వాళ్లకు ఈ పాఠం చెప్పేది యాదమ్మే. ఎర్రది టేబుల్ ఎక్కితే ఎవరినైనా సరే, కడిగి ఆరేసేది. అలాంటి మనిషి ఇప్పుడు ఎర్రదాన్ని పట్టుకుని రాయాలట, ఎంత ధైర్యం ఈ మేడంకి.

"ఇది తుడవడానికి కాదండీ. మా పాప రసజ్ఞకు పెన్సిల్ పట్టుకుంటే వేళ్లు నొప్పెడుతున్నాయంటే కొన్నాం. పెన్సిల్ గ్రిప్ అంటారు. పెన్నుకూ పడుతుంది. శుక్రవారం పరీక్ష అన్నారుగా, వాడి చూడండి."

పరీక్ష అనగానే యాదమ్మ ఆ ముక్కను జేబులో వేసుకుంది. సూపర్‌వైజర్ పోస్టు మళ్లీ ఖాళీ అయింది. పని ఎవరికి ఎంత వచ్చో అందరికీ తెలుసు కానీ, సూపర్‌వైజరన్నాక షిఫ్టు రిపోర్టు చేత్తో రాయాలి. మేనేజరు చలపతిరావు గారి ఎదురుగా కూర్చుని ఇరవై నిమిషాల్లో ఒక పేజీ. తెలుగులో అయినా సరే, చదవడానికి వీలుగా ఉండాలి. పోయినేడాది యాదమ్మ నాలుగు లైన్లు రాసింది. ఐదో లైన్లో బొటనవేలు కొయ్యబారి పెన్ను కింద పడింది. "వచ్చే ఏడు చూద్దాంలే యాదమ్మా" అన్నారాయన. ఆ రోజు స్టోర్ రూములో తలుపేసుకుని ఏడ్చింది. ఏడో తరగతి దాకా చదివింది, అక్షరాలు రాక కాదు కదా. చెయ్యి మాట వినలేదు, అంతే.

మంగళవారం ఆ గ్రిప్పును అంట్ల సబ్బుతో మూడుసార్లు రుద్ది కడిగింది. ఎరుపు పోతుందా ఏమిటి, పిచ్చిగాకపోతే. నాలుగోసారి కడగబోతూ తనకే నవ్వొచ్చింది. చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, పెన్నుకు తొడిగింది.

రబ్బరుకు మూడు పక్కలా మూడు గుంటలున్నాయి. బొటనవేలికొకటి, చూపుడువేలికొకటి, పెన్ను కింద ఆనే నడిమివేలికొకటి. వేళ్లు వాటి చోట్లలోకి వాటంతటవే వెళ్లి కూర్చున్నాయి. పదకొండేళ్లు మాపులు పిండిన చెయ్యి అది. పెన్నునూ పిండేసేది, కాగితం వెనక అక్షరాలు తడిమితే తగిలేలా. ఇప్పుడు పిండడానికేమీ లేదు, మెత్తగా ఉంది. పారేసిన ప్రింటు కాగితం వెనక నాలుగు లైన్లు రాసింది. ఐదో లైను దగ్గర ఊపిరి బిగబట్టింది. ఏమీ కాలేదు. ఆరు, ఏడు, పన్నెండు. నొప్పి లేదు. అబ్బ, ఆ సంబరం ఎవరితో చెప్పుకోవాలో తెలియక కాఫీ మెషీన్‌తో చెప్పింది.

సాయంత్రం బోరబండలో ఇంటికి పోగానే, సెక్యూరిటీ డ్యూటీ నుంచి వచ్చిన మొగుడు చంద్రయ్య ముందు కాగితం పరిచింది.

"జర చూడు, పేజీ రాసిన. చెయ్యి గుంజలే."

"కూర మాడుతున్నట్టుంది" అన్నాడు చంద్రయ్య.

"మాడనియ్యి. చదువు ముందు."

అతను గట్టిగా చదివాడు, ఒక్క మాటా తడబడకుండా. చదివించుకున్నాక ఆమె మాడిన కూరే హాయిగా తిన్నది. బుధ, గురువారాలూ రాసింది. నిద్రలో కూడా వేళ్లు కదిలాయని చంద్రయ్య ఎగతాళి చేశాడు.

శుక్రవారం పదకొండింటికి చలపతిరావు గారు రిజిస్టరు తెరిచి టేబుల్ మీద పెట్టారు. యాదమ్మ జేబులోంచి పెన్ను తీసింది. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. రంగుల రూలు రాసి గోడకు అంటించిన మనిషి మరి.

"ఎర్రదేంటి యాదమ్మా, టేబుల్ మీద?"

"ఇది తుడిచేది కాదు సార్. రాసేది."

ఆయన వాచీ చూసుకున్నారు. "సరే, మొదలుపెట్టు."

రిపోర్టులో ఏం రాయాలో అందరికీ తెలుసు. ఏళ్ల తరబడి ఆ రిజిస్టరులో ఉన్నది ఒకే వాక్యం, 'అన్నీ సరిగా ఉన్నవి.' యాదమ్మ కూడా అదే అనుకుని మొదలుపెట్టింది. కానీ చెయ్యి నొప్పెట్టడం లేదే. రాయగలిగినప్పుడు నిజం రాయకపోతే ఎట్లా అనిపించింది. ఆరో అంతస్తు బాత్రూములో కుళాయి నాలుగు నెలలుగా కారుతోంది. తడి నేల బోర్డు విరిగింది, పోయిన వారం మాతో పనిచేసే సుబ్బమ్మ జారి పడింది. యాసిడ్ కలపడానికి గ్లవ్స్ లేవు. మాకు మంచినీళ్లు తాగడానికి చోటు లేదు. పేజీ అయిపోయింది, తిప్పి ఇంకో పేజీ రాసింది. చెవులు వేడెక్కాయి, పెన్ను ఉరుకులు పెడుతోంది, ఆగాలనిపించలేదు.

"టైమైంది" అన్నారు చలపతిరావు గారు.

రిజిస్టరు లాక్కుని చదివారు. మొదట అక్షరాలు చూశారు, తర్వాత విషయం చూశారు. ముఖం మారింది. 'సరిగా ఉన్నవి' అన్న ప్రతి పేజీ కిందా ఆయన సంతకమే ఉంది మరి. యాదమ్మ పెన్నుకు మూత పెట్టేసింది. అయిపోయింది, ఈ ఏడు కూడా పోయింది, చేజేతులా చేసుకున్నాను అనుకుంది.

"ఇది ఆడిటోళ్లు చదువుతారు, తెలుసా?"

"చదవనియ్యిండి సార్" అంది యాదమ్మ. "చదవనీకే గద రాసేది."

ఆయన పుస్తకం మూశారు, మళ్లీ తెరిచారు. తర్వాత ఫోన్ తీసి ప్లంబరు మునిస్వామికి చేశారు.

"ఆరో అంతస్తు కుళాయి ఇప్పుడే వచ్చి చూడయ్యా. లేదు, రేపు కుదరదు. మా సూపర్‌వైజర్ గారు పుస్తకంలో రాసేశారు."

యాదమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఆ సూపర్‌వైజర్ గారు ఎవరా అని. గదిలో ఇంకెవరూ లేరు.