ఎనిమిదో పాతర

దొర మేడకు ఇప్పుడు కప్పు లేదు. నల్లరాతి గోడలు, గుమ్మం మీద సగం అరిగిన ఫ్రియాస్ వంశపు గుర్తు, లోపల మేకలు. మా శాంతా మరియా దీవిలో సగం భూమి ఒకప్పుడు ఆ వంశానిదే. మొదటి ఫ్రియాస్ ఇల్లు కట్టకముందే పాతరలు తవ్వించాడంటారు. పెరట్లో ఏడు. మూతి ఇరుకు, కడుపు వెడల్పు, కూజాల్లాగా. ఎనిమిదోది ఉందన్న సంగతి ఆ పెద్ద కరువు దాకా ఊరికి తెలియదు.

ఆ ఏడాది జనం కొండ మీది వేళ్లు తవ్వుకుని, దంచి రొట్టె చేసుకున్నారు. రేవులో లిస్బన్ ఓడ ఒకటి లంగరు వేసుకుని కూర్చుంది. దేనికోసమో ఎవరూ చెప్పరు. దొర గాస్పార్ ఫ్రియాస్ ఏడు పాతరల మూతలూ తీయించి చూపించాడు. అన్నీ ఖాళీ.

పెంతెకోస్తు పండుగకు ముందు శుక్రవారం, కౌలు రైతు సిమావ్ భార్య బ్రాజియా మేడలోని చిన్న గుడి కడుగుతోంది. పీఠం ముందు ఒక రాతి పలక అంచు దగ్గర నీళ్లు నిలవకుండా లోపలికి దిగిపోయాయి. ఇంకో కుండ పోసింది. అవీ దిగిపోయాయి. ఆమె కుండ అక్కడే వదిలేసి పొలానికి పరుగెత్తింది.

కాసేపట్లో గుడి జనంతో నిండిపోయింది. దొర వచ్చాడు. వెనక పాదిరిగారు, లోపు అనే మేడ గుమాస్తా.

"ఈ పలక కింద ఏముంది దొరా?" సిమావ్ అడిగాడు.

"గోధుమలు." దొర తడుముకోలేదు. "ఓడకు అమ్మేశాను. అయినా పండుగ రోజులు, మీరు చూస్తే ఆకలి మీద ఉన్నారు. పీఠం మీది ఈ పవిత్రాత్మ కిరీటం సాక్షిగా చెబుతున్నా. సాయంత్రం గంట కొట్టేదాకా ఎంత తోడుకుంటే అంత మీది. ఆ తర్వాత మిగిలింది ఓడది."

ముసలివాళ్లు ఆయన చెయ్యి ముద్దు పెట్టుకున్నారు. లోపు తలెత్తలేదు. పాతరలు నింపించేది అతనే.

పలక లేపారు. పులిసిన వాసన వెచ్చగా మొహాన కొట్టింది.

"చెడుగాలి పోయేదాకా ఆరనివ్వాలయ్యా," అంది బ్రాజియా. "తీసిన రోజు పాతరలో దిగకూడదు. పసిపిల్లలకు కూడా తెలుసు."

"సాయంత్రం గంట ఆగుతుందా నీకోసం?" అన్నాడు సిమావ్.

కొవ్వొత్తి కట్టి దించారు. మూతి దాటగానే ఆరిపోయింది.

"తలుపులోంచి గాలి కొడుతోంది," అన్నాడు దొర.

ఆ మాట ఎవరూ నమ్మలేదు. కాదనలేదు కూడా. ఇంటి దగ్గర పిల్లలు పచ్చి వేళ్లు నములుతున్నారు. దొరకు తెలుసు అది. కొవ్వొత్తి ఎందుకు ఆరిందో కూడా తెలుసు.

పొడవైన తాడు లేకపోతే గుడి గంట తాడే కోసుకొచ్చారు. బ్రాజియా తమ్ముడు అంతావ్ దానికి ముడి వేస్తూ బావను ఎగాదిగా చూశాడు. "పోయినేడైతే నువ్వు మూతిలోనే ఇరుక్కునేవాడివి బావా. కరువు మంచే చేసింది."

"మీ అక్క వంట తప్పించుకున్నా, అందుకే."

"దిగు దిగు," అంది బ్రాజియా. "ఊపిరి బిగబట్టు. ఒక్క బుట్ట నింపి పైకొచ్చెయ్."

సిమావ్ ముడిలో కాలు పెట్టి దిగాడు. గోధుమల మీద అడుగు పెట్టి తాడు వదిలాడు. బుట్టతో రెండుసార్లు తోడిన చప్పుడైంది. తర్వాత ఏదో మెత్తగా పడింది.

"బావా?"

అంతావ్ తానూ దిగడానికి మొహానికి తడిగుడ్డ చుట్టుకున్నాడు. బ్రాజియా పాతర మూతికి అడ్డంగా కూర్చుంది.

"లే అక్కా. బావ లోపల ఉన్నాడు."

"ఉన్నాడు. నువ్వు కూడా అక్కడ పడుకుంటే మిమ్మల్ని తియ్యడానికి ఇంకొకడు దిగుతాడు. వాణ్ణి తియ్యడానికి మరొకడు."

"ప్రాణం ఉందేమో."

"ఉందేమో," అంది. లేవలేదు. అంతావ్ ఆమె భుజాలు పట్టి లాగాడు, తిట్టాడు, చివరికి పక్కనే కూలబడి ఏడ్చాడు. కింద నుంచి చిన్న చప్పుడు వస్తుందేమోనని ఆమె చాలాసేపు చెవి ఒగ్గింది. రాలేదు.

పొద్దు వాలాక దొర మళ్లీ వచ్చాడు. "వేళయింది. గంట కొట్టు లోపూ. పలక మూయించు."

"తాడు లేదు దొరా."

"పైకెక్కి చేత్తో కొట్టు."

లోపు వెళ్లి తిరిగొచ్చాడు. "గంట దగ్గరికెక్కే మెట్ల నిండా ఆడవాళ్లు కూర్చున్నారు దొరా. లేవమంటే లేవడం లేదు."

"గంట కొట్టేదాకా మాదన్నారు," అంది బ్రాజియా. "ఇంకా కొట్టలేదుగా."

దొర పాదిరి వైపు చూశాడు. పాదిరి కిరీటం వైపు చూశాడు. నలుగురు పనివాళ్లు ఊరంతటినీ బయటికి నెట్టలేరు. దొర వెళ్లిపోయాడు.

మర్నాడు దించిన కొవ్వొత్తి ఆరలేదు. అంతావ్ దిగి బావను తాడుకు కట్టాడు. పైకి తీసేసరికి సిమావ్ గుప్పిట్లో గోధుమలు ఉన్నాయి. బ్రాజియా వేళ్లు విప్పి, ఆ గింజలు బుట్టలో పోసింది.

"శవం పడుకున్న ధాన్యం," అన్నాడు పాదిరి నెమ్మదిగా. "పండుగ రొట్టెకు పనికిరాదమ్మా."

"పాదిరిగారి మాట వినండి," అన్నాడు దొర. "ఓడకు ఎక్కించేస్తాను."

"ఓడవాళ్లు తినొచ్చు, మేం తినకూడదా దొరా?"

జవాబు కోసం ఆగకుండా ఆమె బుట్ట నెత్తిన పెట్టుకుని తిరగలి దగ్గరికి నడిచింది. ఊరంతా వెనక నడిచింది. లోపు కూడా ఒక బుట్ట అందుకున్నాడు.

ఆదివారం ఆచారం ప్రకారం తొలి రొట్టె దొరదే. బ్రాజియా తన చేత్తోనే తుంచి ఇచ్చింది. ఆయన తినలేక దించేస్తాడేమో అని అందరూ చూశారు. ఆయన నిదానంగా నమిలాడు, మింగాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు. ఆ మేడలో ఆయన ఇంకా చాలా ఏళ్లు సుఖంగానే బతికాడు.

బ్రాజియా మిగతా రొట్టె కూతురికి ఇచ్చింది. పిల్ల ఒక్క ముక్క పారెయ్యకుండా తిని, ఒళ్లో రాలిన పొడి వేలికి అద్దుకుని నాకింది.

"ఇంకా ఉందా అమ్మా?"

బ్రాజియా తన వాటా కూడా ఇచ్చేసింది.