తీసి పెట్టుకునే పళ్ళు

కోడలికి పైవరసలో ముందు పళ్ళు మూడు పోయాయి. బాత్రూంలో జారిపడి కుళాయికి కొట్టుకున్నానని కళ్ళజోళ్ళ షాపులో చెప్పింది. కౌంటర్లో నిలబడి, వచ్చినవాళ్ళ ముఖానికి ఫ్రేములు పెట్టి చూపించడం అక్కడ ఆమె పని. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఆ పని సాగదు. "పళ్ళు కట్టించుకునేదాకా వెనక గదిలో అద్దాలు తుడువమ్మా" అన్నాడు యజమాని. అతను మామూలుగానే అన్నాడు. ఆమె మాత్రం ఆ గదిలో కూర్చుని మధ్యాహ్నం దాకా ఒకే అద్దాన్ని తుడిచింది.

చిగుళ్ళు మానాక అత్త ఆమెను పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కొడుకు కూడా వస్తానన్నాడు. "ఒప్పుకున్న పని మధ్యలో వదిలేస్తే రేపెవరు పిలుస్తారు? నువ్వెళ్ళు, మేం చూసుకుంటాం" అని అత్తే పంపేసింది. అతను ఇళ్ళకి కరెంటు వైరింగు చేస్తాడు. బయట అతన్ని పల్లెత్తు మాట అనేవాళ్ళు లేరు. ముసలివాళ్ళ ఇళ్ళలో చిన్నా చితకా రిపేర్లు ఊరికే చేసి వస్తాడు.

డాక్టరు నడివయసు ఆవిడ. నోరంతా చూసి, ఎక్స్‌రే తీయించి, చేతి అద్దం కోడలికిచ్చి నెమ్మదిగా చెప్పింది.

"దీనికి రెండు పద్ధతులున్నాయమ్మా. ఒకటి, పక్క పళ్ళు కాస్త అరగదీసి వాటి ఆసరాతో కదలకుండా అతికించేది. రెండోది తీసి పెట్టుకునే ప్లేటు. అంగిలికి ఆనుకుని ఉంటుంది, అటూ ఇటూ ఉన్న పళ్ళని సన్నటి తీగ కొక్కేలతో పట్టుకుంటుంది. పడుకునేముందు తీసి నీళ్ళలో వెయ్యాలి. నీది చిన్న వయసు, పక్క పళ్ళు గట్టిగా ఉన్నాయి. నన్నడిగితే అతికించేదే మేలు."

"అదే చెయ్యండి" అంది కోడలు.

"వద్దు. తీసేదే చెయ్యండి" అంది అత్త.

"ఖర్చు గురించా?"

"ఖర్చు కాదండీ." అత్త ఒకసారి తలుపు వంక చూసింది. "మా ఆయన ఉన్న రోజుల్లో నాకూ అతికించేవే కట్టారు. మళ్ళీ దెబ్బ పడేసరికి వాటితోపాటు పక్కనున్న నా సొంత పళ్ళు కూడా ఊడొచ్చాయి. అప్పట్నుంచీ నాకూ ప్లేటే. తీసేదైతే, గొంతు పెరుగుతోందనగానే తీసి దాచేసుకోవచ్చు. ఉన్నవైనా మిగుల్తాయి."

కూరగాయలు తరిగేటప్పుడు వేలు తెగకుండా కత్తి ఎలా పట్టుకోవాలో చెప్పినట్టు చెప్పింది ఆ మాట. కోడలు తలతిప్పి ఆమెను చూసింది. అత్తయ్య పళ్ళు షుగరు వల్ల పోయాయనే కాపురానికి వచ్చిన రోజునుంచీ అనుకుంటోంది.

డాక్టరు చేతిలో పరికరం ట్రేలో పెట్టేసింది. "అమ్మాయ్, నిజంగా బాత్రూంలో జారావా?"

"జారాను."

"జారితే గడ్డానికో మోచేతికో కూడా తగలాలి కదా."

"జారానండీ."

"సరే. నువ్వు చెప్పిందే రాస్తాను. వేరే ఏమైనా చెప్పాలనిపిస్తే ఏ రోజైనా రా. పళ్ళ పని లేకపోయినా రా."

ఆ తర్వాత చల్లటి ముద్ద నోట్లో పెట్టి పళ్ళ అచ్చు తీశారు. తెల్లరంగుల్లో తేడాలు చూపించే నమూనా పళ్ళు పెదవి దగ్గర పెట్టి, ఏది కలుస్తుందో చూశారు. వాటిల్లో ఒకటి తన పంటిలాగే ఉండేసరికి కోడలు నవ్వబోయి ఆపుకుంది. చివరికి ప్లేటుకే ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో ఎవరూ అడగలేదు. "ఎడమవైపు ఈ కోరపన్ను మీదే బరువంతా పడుతుంది. దీన్ని జాగ్రత్తగా చూసుకో" అంది డాక్టరు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కోడలు అడిగింది. "నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"ఏమని చెప్పను? తండ్రి పోలిక ముక్కు వరకే అనుకున్నానమ్మా."

కొన్నాళ్ళు ఇల్లు ప్రశాంతంగానే ఉంది. కొడుకు రోజూ పనినుంచి మెత్తటి పండ్లు తెచ్చి, తనే ముక్కలు కోసి పెట్టేవాడు. తప్పయిపోయిందని ఒకసారి భార్య ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు కూడా. ఒక సాయంత్రం కళ్ళజోళ్ళ షాపు యజమాని ఫోన్ చేసి, కౌంటర్లోకి ఎప్పుడొస్తావమ్మా అని అడిగాడు. ఆమె ఫోన్ పెట్టేసేసరికి కొడుకు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"నీ పళ్ళ సంగతి వాడికెందుకు?"

పక్కగదిలో అత్త స్కూలు యూనిఫాంలు కుడుతోంది. ముందు కొడుకు గొంతు వినబడింది, తర్వాత కుర్చీ పడిన చప్పుడు. "అత్తయ్యా!" అని ఒక కేక. అత్త మిషను ఆపలేదు. ఇంకా గట్టిగా తొక్కింది. చప్పుళ్ళన్నీ ఆగిపోయాక చూసుకుంటే, చొక్కా చెయ్యి దూర్చే చోటు కూడా కలిపి కుట్టేసి ఉంది.

మర్నాడు డాక్టరు బల్లమీద మైనంలో అమర్చిన పళ్ళు తయారుగా ఉన్నాయి. నోట్లో పెట్టి సరిపోయాయో లేదో చూసుకోవడమే మిగిలింది. కోడలు నోరు తెరిచింది. అచ్చులో నిక్షేపంగా ఉన్న కోరపన్ను నోట్లో చిగురుదాకా విరిగిపోయి ఉంది.

డాక్టరు అచ్చునీ నోటినీ మార్చి మార్చి చూసింది. "ఈ అచ్చు ఇంక పనికిరాదు" అని పక్కన పెట్టింది. "ఏమయింది?"

కోడలు పెదవులు కదిలేలోపే అత్త అందుకుంది. "మావాడు కొట్టాడు. నా కొడుకు. మొదటిసారీ వాడే. రాసుకోండి."

కోడలు ఏడుస్తుందేమో అనుకుంది డాక్టరు. ఆమె ఏడవలేదు.

"ఇప్పుడా అత్తయ్యా?" అంది. "నేను పిలిచింది మిమ్మల్నే. మిషను తొక్కుతూనే ఉన్నారు."

"విన్నాను."

"మరి?"

అత్త డాక్టరు వైపు తిరిగి, "నేను విన్నాననీ రాసుకోండి" అంది.

డాక్టరు అంతా రాసింది. కోడలు ఒప్పుకున్నాకే ఆమె అక్కకి ఫోన్ చేసింది. అక్క పరుగున వచ్చింది. అక్కా, కోడలూ, అత్తా ముగ్గురూ అటునుంచి అటే పోలీసు స్టేషన్‌కి వెళ్ళారు. కొడుకుని పిలిపించారు. జేబులో టెస్టరు అలాగే ఉంది, పనిమీదనుంచే వచ్చాడు. భార్యను చూసినప్పుడు అతనికి కోపం రాలేదు. తల్లి తను విన్నదీ చూసిందీ చెబుతుంటే మాత్రం తెల్లబోయాడు.

"అమ్మా, నువ్వు కూడానా?"

"నేను కూడానే. మీ నాన్నప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. నువ్వు చూస్తూ పెరిగావు."

కేసు నడుస్తోంది. అతను బెయిలు మీద బయటికొచ్చి స్నేహితుడి గదిలో ఉంటున్నాడు. పనిముట్ల సంచీ, బట్టలూ ఆ స్నేహితుడొచ్చి పట్టుకెళ్ళాడు. వీధిలోవాళ్ళు అత్తకి యూనిఫాంలు ఇవ్వడం తగ్గించారు. కన్నకొడుకుని పట్టించిన మనిషి అని ఆమెకు వినబడేలాగే అనుకున్నారు. ఆమె ఎవరికీ సర్దిచెప్పుకోలేదు. కోడలు అక్కగారింట్లోనే ఉండిపోయింది.

విరిగిన పంటి మొదలు తీసేశారు. ఆ గాయం మానాక మళ్ళీ అచ్చు తీశారు. ఇప్పుడు నాలుగు పళ్ళ ప్లేటు. కొక్కెం వెనకనున్న చిన్న దవడపన్ను మీదికి జరిగింది. ఈసారి అతికించేది కుదరదని డాక్టరే చెప్పింది. ఇవన్నీ అత్తకి తన ప్లేటు సరిచేయించుకోవడానికి వెళ్ళినప్పుడు తెలిశాయి. "మాట స్పష్టంగానే వస్తోంది. వేరే కళ్ళజోళ్ళ షాపులో చేరిందట" అంది డాక్టరు. ఏ షాపో అత్త అడగలేదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"నేనే" అంది కోడలు. 'స' ఉన్న మాటల దగ్గర నాలుక ఇంకా కొంచెం తడుముకుంటోంది. "ఈ ప్లేటు అంచు చిగురుకి కోసుకుంటోంది. డాక్టరుగారు ఫోన్ ఎత్తడం లేదు. మీకూ మొదట్లో ఇలాగే ఉండేదా?"

"ఉండేదమ్మా. కాసేపు తీసెయ్యి. ఉప్పునీళ్ళతో పుక్కిలించు. నువ్వు మాత్రం అరగదీయకు, పాడవుతుంది. రేపు డాక్టరు దగ్గరికెళ్ళు, వెళ్ళేముందు కాసేపు పెట్టుకుని వెళ్ళు. ఎక్కడ ఎర్రబడిందో చూసి ఆవిడే సరిచేస్తుంది."

"సరే."

"తినేటప్పుడు ముందు పళ్ళతో కొరక్కు. చిన్న ముక్కలు చేసుకుని రెండువైపులా నములు."

"సరే."

అవతల షాపులో ఎవరో పిలిచారు. కోడలు ఫోన్ పెట్టేసింది. ఎలా ఉన్నారని అడగలేదు. అత్త ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, ఇంకేమైనా జాగ్రత్త చెప్పడం మరిచిపోయానా అని చాలాసేపు ఆలోచించింది.