సావిడిలో వేరే పొయ్యి

గొడ్లు లేని సావిడికి గచ్చు చేయించి, కిటికీలు పెట్టించి, సున్నం వేయించి, రెండు పట్టెమంచాలు వేయించేసరికి అదొక ముచ్చటైన ఇల్లయి కూర్చుంది. గవర్నమెంటువాళ్ళు కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాదే రత్నమాణిక్యం గేదెల్ని కూడా అమ్మేసింది. పక్షుల్ని చూడడానికి వచ్చేవాళ్ళకి సావిడి అద్దెకిద్దామనీ, వంట వాళ్ళే చేసుకుంటారనీ సలహా ఇచ్చింది మేనల్లుడు గోపీచంద్. పేపర్లో ప్రకటన కూడా వాడే వేయించాడు.

బావగారు భీమశంకరం మాత్రం పెదవి విరిచారు. "చూడమ్మా, మొదటొచ్చినవాళ్ళు అనుకున్నన్నాళ్ళూ ఉంటే సరే. మధ్యలో మూటా ముల్లె సర్దుకున్నారంటే మాత్రం ఇందులో మిగిలిన చెరువు తాలూకు చేపల మేత బస్తాలు వేయించేస్తాను" అన్నారు. స్థలం ఉమ్మడిది. ఆవిడ కాదనలేకపోయింది.

తాడేపల్లిగూడెం నుంచి తోమా, ఆయన భార్య పెర్సిస్ వారం రోజులుంటామని వచ్చారు. ఆయన రైస్ మిల్లులో మెకానిక్కుగా చేసి మానుకున్న మనిషి. ఆవిడ ఎడమ చెయ్యి కొంచెం పట్టు తప్పినట్టుండేది. గ్యాసు పొయ్యి చూపించి, బియ్యం డబ్బా అప్పజెప్పి రత్నమాణిక్యం ఇంట్లోకి వచ్చేసింది.

సాయంత్రం కుళాయి దగ్గర పక్కింటి వీరదుర్గ అంటించింది. "ఏం పిన్నీ, మీ దొడ్లో వేరే పొయ్యి వెలిగిందంట? వచ్చినోళ్ళకి నీ చేతి కూడు నచ్చలేదా ఏంటి?"

అన్నదమ్ములు పోట్లాడుకుని విడిపోతే తప్ప ఒక దొడ్లో రెండు పొయ్యిలు వెలగని ఊరది. రత్నమాణిక్యానికి తల కొట్టేసినట్టయింది. అద్దె మాట, ప్రకటన మాట అన్నీ మర్చిపోయి, గబగబా వంకాయ కూర, చారు చేసి కారియరు పట్టుకెళ్ళింది. మర్నాడు పొద్దున్న పెసరట్లు. మధ్యాహ్నం గోంగూర పప్పు. రాత్రికి దిబ్బరొట్టె. పెర్సిస్ ప్రతిసారీ నవ్వుతూనే అందుకుంది గానీ, ఆ నవ్వు పూటపూటకీ చిన్నదైపోయింది.

ఆ మర్నాడు తోమా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మధ్యాహ్నం బండికి వెళ్ళిపోదామనుకుంటున్నామండీ."

రత్నమాణిక్యానికి బావగారి మేత బస్తాలు గుర్తొచ్చాయి. "ఏం లోటు చేశానండీ?"

"లోటేం లేదండీ..." అన్నాడాయన. వెనకాలే వచ్చిన పెర్సిస్ అందుకుంది.

"ఏవండీ, మీరాగండి, నేను చెప్తాను. పక్షవాతం వచ్చి లేచిన దగ్గర్నుంచి మా కోడళ్ళు నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వట్లేదండీ. చెయ్యి జారుతుందని భయం. మంచిపిల్లలే, వాళ్ళననకూడదు. ఒక్క వారం నా చేత్తో వండి ఈయనకి పెట్టుకుందామని వచ్చాం. ఇక్కడ మీరు కూడా వాళ్ళలాగే చూస్తున్నారు. మీ గిన్నెలు కడిగివ్వడంతోనే సరిపోతోందండీ నాకు."

రత్నమాణిక్యం అరుగు మీద చతికిలబడింది. ఆకలితో వచ్చినవాళ్ళని ఆవిడ ఎరుగును. వండడానికి మొహం వాచిపోయి వచ్చిన మనిషిని చూడడం ఇదే మొదలు. తన చేతిలో కారియరు ఎవరైనా లాక్కుంటే ఎలా ఉంటుందో అనుకుని చూసుకుంది.

"బొమ్మిడాయిలు వచ్చాయండీ ఇవాళ. శుభ్రం చేసి..." అని నాలిక కరుచుకుంది. "బుట్టతోనే ఇచ్చేస్తాను."

"అయితే మీరూ మాతోనే తినాలి."

"అయ్యో, నా దొడ్లో నేను చుట్టాన్నా అండీ?"

"ఈ వారం సావిడి మాదండీ" అన్నాడు తోమా. ఆ మాటకి ముగ్గురూ నవ్వారు గానీ, వెళ్ళడం మానుకున్నామని ఎవరూ అనలేదు. సర్దిన సంచులు గోడవార అలాగే ఉన్నాయి.

కాసేపటికి సావిడిలోంచి గిన్నె పడ్డ చప్పుడు. రత్నమాణిక్యం లేచి గుమ్మం దాకా వెళ్ళింది. రెండో చప్పుడు రాలేదు. గడప పట్టుకుని నిలబడి, మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆ ఇంటికి కాపరానికి వచ్చాక అంత కష్టమైన పని ఎప్పుడూ చేయలేదు.

కంచం ముందు కూర్చోబెట్టి పెర్సిస్ పులుసు వడ్డించింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే రత్నమాణిక్యానికి పళ్ళు పులిశాయి. 'బావుందండీ' అనబోయింది. ఎదురుగా పెర్సిస్ గరిటె పట్టుకుని తన మొహంలోకే చూస్తోంది.

"పులుపెక్కువైందండీ. చేప మాత్రం చక్కగా కుదిరింది."

తోమా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

పెర్సిస్ భర్త వైపు తిరిగింది. "చూశారా! రుచి చూడమంటే అమృతమన్నారు! ఎన్నాళ్ళయిందండీ నా వంటకి ఒకళ్ళు వంక పెట్టి!" అని పకపకా నవ్వి, రత్నమాణిక్యం కంచంలో ఇంకో చేప వేసింది.

"రేపు చింతపండు తగ్గిస్తానులెండి."