ఎలీశమ్మ గోడ మీది బుడగ

ఆ రోజు గుమ్మంలో నిలబడి ఏం చూశారో చెప్పండి. దాటవెయ్యకండి. ఎల్బీనగర్ సందులో ఎలీశమ్మ ఇంటికి జాకెట్టు తీసుకుపోవడానికి వచ్చారు. చెప్పులు విప్పకుండా బయటే నిలబడ్డారు. ఆమె మీ కవరు వెతుకుతున్నంతసేపూ ఎదురుగోడ వంకే చూశారు. నీలం పెయింటు మీద శనగగింజంత బుడగ ఒకటి చూశానంటారు. ఒకటేనా?

గోడకు చెమ్మ పట్టిందనుకుని ఉంటారు. చెమ్మ కాదది.

ఎలీశమ్మ ముప్పై ఏళ్ళు దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులకు జాకెట్లు కుట్టింది. పొద్దున ఆరింటికి మిషను మీద కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికే లేచేది. ఎడమ కన్ను ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. నొప్పి లేదు, ఎరుపు లేదు. ఒకనాడు కుడి కంట్లో నలక పడి మూసుకుంటే ఎదురుగా ఉన్న మిషను కనపడలేదు. అప్పుడు దవాఖానకు పోయింది. గ్లకోమా అన్నారు, కంట్లో ఒత్తిడి పెరిగి చూపును తినేసే జబ్బు. పోయిన చూపు ఇక రాదన్నారు. కుడి కంట్లో కూడా ఇరవై ఒకటి దాటకూడని ఒత్తిడి ముప్పై నాలుగుంది, చుక్కల మందుకు లొంగడం లేదు, ఆపరేషన్ తప్పదన్నారు. కంటిలోపలి నీరు బయటికి పోవడానికి పై రెప్ప కింద సన్నని దారి చేస్తారు. ఆ నీరు తెల్లగుడ్డు మీది పలచని పొర కింద చేరి చిన్న బుడగలా లేస్తుంది. బుడగ ఉంటే దారి తెరిచి ఉన్నట్టు. ఆపరేషన్ తర్వాత రోజుకు ఆరుసార్లు వేరే చుక్కలు వేసుకోమన్నారు.

కట్టు విప్పిన పొద్దున ఇంట్లో గోడ మీద కూడా ఒక బుడగ లేచింది. కంట్లోది పొంగితే అదీ పొంగేది. మూడో వారం దారి ఇంకాస్త తెరవడానికి డాక్టరు లేజరుతో ఒక కుట్టు తెంపితే గోడ మీదిది నిమ్మకాయంత అయింది. ఒత్తిడి మరీ పడిపోయి కన్ను మెత్తబడింది, చూపు మసకేసింది. వంగొద్దు, బరువెత్తొద్దు, మిషను తొక్కొద్దన్నారు. వారానికి తగ్గి మళ్ళీ శనగగింజంత అయింది. లచ్చయ్య రోజూ పాలు పోస్తూ దాని వంక చూసి మంచిగనే ఉందని చెప్పి పోయేవాడు. ఇంటి ఓనరు వేదవతి భీమవరం నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న మనిషి. ఇల్లంతా రంగు వేయించి ఆ ఒక్క గోడా వదిలేయమంది.

ఒక్క కన్ను మిగిలిన మనిషి భయం మీకు తెలియదు. తెల్లారితే రెప్ప ఎత్తాలన్నా ఎలీశమ్మకు వణుకే. కూతురు జాస్మిన్ ముందు గోడ చూసి "ఉన్నదమ్మా" అన్నాకే కన్ను తెరిచేది.

అంతలో చర్చిలో నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యాయి. ఈ కన్ను నిలబెట్టమని వేడుకుని, ఆ నలభై రోజులూ సాయంత్రం ప్రార్థన దాకా మంచినీళ్ళు కూడా ముట్టనని ఎలీశమ్మ దేవుడికి మాటిచ్చింది.

తొమ్మిదో రోజు గోడ మీది బుడగ వాలింది. జాస్మిన్ చూసింది. "ఉన్నదమ్మా" అనే చెప్పి చైతన్యపురి కోచింగ్ సెంటర్లో డ్యూటీకి పోయింది. మర్నాడూ అదే మాట చెప్పింది. పన్నెండో రోజు కరివేపాకు ఇవ్వడానికి పై అంతస్తు నుంచి దిగిన వేదవతి గోడ మీద అరచెయ్యి పెట్టి చూసింది. ఎండిపోయి, గట్టిగా ఉంది.

"ఎలీశమ్మా, చుక్కలు వేసుకుంటున్నావా?"

"ఏసుకుంటున్నమ్మా. సాయంత్రం, ప్రార్థన అయినంక."

"రోజుకి ఆరుసార్లన్నారు కదే?"

ఎలీశమ్మ కొంగు అంచు మడతపెడుతూ కూర్చుంది. "కంట్ల ఏస్తే జరసేపటికి గొంతులకు చేదు దిగుతదమ్మా. గొంతులకు దిగినంక గది ఉపాసమెట్లయితది?"

వేదవతికి ఒళ్ళు మండింది. "కన్ను కోసం ఉపవాసం, ఉపవాసం కోసం కన్ను పోగొట్టుకుంటావా? మీ ప్రభువుకి ఆమాత్రం తెలియదంటావా? లే, ఆటో పిలుస్తా."

దవాఖానలో చూస్తే ఒత్తిడి ముప్పై ఒకటి. చేసిన దారి మచ్చకట్టి మూసుకుపోతోంది. అది మూసుకోకుండా ఆపేవే ఆ చుక్కలు. సూదితో మచ్చను తెంపి, మళ్ళీ కట్టకుండా పక్కనే ఇంకో మందు ఎక్కించాలన్నాడు డాక్టరు. రక్తం రావచ్చు, చీము పట్టవచ్చు, అసలు తెరుచుకోకపోనూ వచ్చునన్నాడు. సంతకం పెట్టే చోటు వేదవతి వేలితో చూపించాల్సి వచ్చింది.

కబురందుకున్న జాస్మిన్ ఇంటికి పరుగెత్తి గోడ ముందు కూర్చుంది. దవాఖానలో సూది వేసే గది బయట బెంచీ మీద వేదవతి ఫోను చెవికి ఆనించుకుంది.

"ఏమన్నా కనపడిందా?"

"లేదాంటీ. ఎండిపోయే ఉన్నది." ఆ పిల్ల ఏడుస్తోంది. "నేను మూడు రోజుల నుంచి అబద్ధం చెప్పిన ఆంటీ. భయమైంది."

"ఏడుపు తర్వాత. ముందు గోడ చూడు."

లోపల సూది దిగిందో లేదో తెలియదు.

"ఆంటీ, లేస్తున్నది."

ఒత్తిడి పన్నెండుకు దిగింది. కన్ను ఎర్రబడినా, చీము కనపడినా, ఎన్నేళ్ళ తర్వాతైనా సరే, ఆ గంటలోనే రమ్మని డాక్టరు చెప్పాడు. చుక్కలు వేశాక రెప్ప మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టమంది నర్సు. అప్పుడు చేదు గొంతులోకి దిగదట. ఒక్క మాట. మొదటిరోజే ఎవరైనా చెప్పి ఉంటే ఆ సూది తప్పేది. మిగిలిన రోజులు ఉపవాసమూ నడిచింది, మందూ పడింది.

ఇక మీ సంగతి. మీరు జాకెట్టుకు వచ్చిన రోజు పొద్దున్నే ఆ గోడ మీద రెండో బుడగ లేచింది. మొదటిదానికి జానెడు దూరంలో, గుమ్మానికి సరిగ్గా ఎదురుగా, నొక్కితే రాయిలా ఉంది. ఎలీశమ్మ కన్ను నిలకడగానే ఉంది; మరి ఇదెవరి కంటిదోనని జాస్మిన్, వేదవతి, లచ్చయ్య వరసగా పోయి కళ్ళు చూపించుకున్నారు. ముగ్గురికీ బాగానే ఉంది. బుడగ మాత్రం అణగలేదు. ఆ గోడ చూసినవాళ్ళలో పరీక్షకు పోనిది మీరొక్కరే. ఒకటే చూశానంటున్నారు మీరు.

ఒక కన్ను చేత్తో మూసుకోండి. ఇప్పుడు రెండోది. చెప్పండి, ఎదురుగా ఉన్నది మీకెందుకు కనపడలేదు?