డ్రాయింగు మూలన పోచమ్మ

చిట్కుల్ దాటాక ఉన్న వెంకటేశం షెడ్డులో ఇనుప ట్యాంకులు తయారవుతాయి. ఆయన భార్య కౌసల్య రోజూ మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్ తగిలించుకుని స్కూటీ మీద వస్తుంది. అన్నం పేరు చెప్పి షెడ్డంతా ఓ చుట్టు చుట్టి, ఎవరు ఎవరి మీద అలిగారో, ఏ వెల్డరు సొంతూరు రైలెక్కబోతున్నాడో కనుక్కుని గానీ వెళ్లదు. డిగ్రీ చదివింది. ఆ చదువు ఎక్కడైనా పనికొస్తుందేమోనని ఎదురుచూడడం ఎప్పుడో మానేసింది.

ఆ శుక్రవారం ఆమె క్యారియర్ బల్ల మీద పెట్టినా ఎవరూ మూత తీయలేదు. పప్పుచారు వాసనకు కూడా కదలని మొగుణ్ణి ఆమె పెళ్లయ్యాక చూడ్డం ఇదే మొదలు.

"ఏమైందే ప్రసన్నా? మీ సారు గట్ల కూసున్నడేంది?"

లక్ష్మీప్రసన్న ఆ షెడ్డులో డ్రాయింగులు గీసే అమ్మాయి. వాళ్ల నాన్న గోదావరి జిల్లా నుంచి సర్కారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పిల్ల పుట్టి పెరిగింది ఇక్కడే అయినా, మాట మాత్రం ఇంకా గోదావరి దాటలేదు.

"మెయిలు మళ్లీ తిరిగొచ్చేసిందక్కా. ఫైలు బరువెక్కువంట."

సంగతేమిటంటే, పాశమైలారంలో ఒక మందుల కంపెనీ పెద్ద ట్యాంకు కట్టించుకోవాలనుకుంది. డ్రాయింగు పీడీఎఫ్ ఈ సాయంత్రం ఆఫీసు మూసేలోగా వాళ్ల మెయిలుకు చేరాలి. చేరితే ఆర్డరు వెంకటేశానిది. చేరకపోతే ఇస్నాపూర్ సోమయ్యది. సోమయ్య డ్రాయింగు పొద్దున్నే చేరిపోయిందట. వాట్సాపులో పంపితే వాళ్లు లెక్కలోకి తీసుకోరు, లింకు పంపితే వాళ్ల కంప్యూటర్లలో తెరుచుకోదు.

"నాలుగు గీతలకు గంత బరువేంది?" అంది కౌసల్య.

ప్రసన్న వెంకటేశం వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "బరువు గీతలది కాదక్కా. అమ్మవారిది."

షెడ్డు మొదలుపెట్టినప్పుడు వెంకటేశం మొక్కుకున్నాడు, ఇక్కడి నుంచి వెళ్లే ప్రతి డ్రాయింగులో ప్రతి షీటు మూలనా ఊరి పోచమ్మ తల్లి ఉంటుందని. ఇన్నాళ్లూ క్యాలెండరు మీది బొమ్మతో నడిచింది. ఈ ఏడు బోనాలకు గుడికి రంగులు వేయించారు. మేనల్లుడు చంద్రకాంత్ పెళ్లిళ్లకు తీసుకెళ్లే కెమెరాతో తల్లిని ఫొటో తీశాడు. గోడ మొత్తానికి అతికించినా చెక్కుచెదరనంత పెద్ద ఫొటో. దాన్నే తెచ్చి డ్రాయింగులో పెట్టమన్నాడు వెంకటేశం. ప్రసన్న పెట్టింది. కాగితం మీద చూస్తే బొటనవేలంత. పీడీఎఫ్ లోపల మాత్రం గోడంత గోడా అలాగే ఉంది, అదీ షీటుకొకటి చొప్పున.

"అయితే జెర తగ్గియ్యరాదు?"

అంతవరకూ సెల్‌ఫోనులో తలదూర్చిన వెంకటేశం లేచాడు. "ఏం తగ్గిస్తది? పొద్దుగాల తగ్గించింది సూస్తివా? సూపియ్యి ప్రసన్నా, మీ అక్కకు సూపియ్యి!"

ప్రసన్న బిక్కమొహంతో ఒక కాగితం తీసింది. పీడీఎఫ్ చేసేటప్పుడు బొమ్మల నాణ్యతను అట్టడుగుకు లాగేసిందట. ఫైలు తేలికైంది గానీ తల్లి మొహమంతా గళ్లుగళ్లుగా, మచ్చలు మచ్చలుగా పడింది. అమ్మవారికే అమ్మవారు పోసినట్టుంది. కౌసల్యకు నవ్వొచ్చింది. నవ్వితే ఇంట్లో వారం రోజులు వినాల్సివస్తుందని దగ్గింది.

"తల్లిని గిట్ల జేసి ఆర్డరడుగుతే ఇస్తదా?" అన్నాడు వెంకటేశం. "తగ్గిచ్చుడు లేదు, తీసేసుడు లేదు."

"మరి నువ్వేం జేసినవయ్యా?"

ఆయన చేసింది ఇంకా గొప్పది. డ్రాయింగును పెద్ద కాగితాల మీద ప్రింటు తీయించి, చుట్ట చుట్టి ఇస్నాపూర్ జిరాక్సు షాపుకు పట్టుకెళ్లి, అక్కడ స్కాను చేయించుకొచ్చాడు. కాగితం తేలికే కదా, ఫైలు కూడా తేలికవుతుందని ఆయన లెక్క. ఇప్పుడు తల్లితోబాటు గీతలు, కొలతలు, ఖాళీ జాగా అన్నీ బొమ్మలైపోయాయి. ఫైలు మునుపటికంటే ఇంకా లావైంది. పెనం మీద దోసె మాడుతోందని పొయ్యిలో ఇంకో కట్టె పెట్టినట్టయింది వ్యవహారం.

"నువ్వు తిను," అంది కౌసల్య క్యారియర్ విప్పుతూ. "కడుపుల పడితే తెలివి మోపైతది."

ఆయన చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్లగానే కుర్చీ జరుపుకుని ప్రసన్న పక్కన కూర్చుంది. "నాకు అర్థమయ్యేటట్టు జెప్పు. మంచిగుండాలె, బరువుండొద్దు. గట్ల కాదా?"

"అవుద్దక్కా. బొమ్మంటే చుక్కలే కదా. బొటనవేలంత జాగాలో ప్రింటరు వేయగలిగే చుక్కలు కొన్నే. మిగతావన్నీ దండగే. ఆ కొలతకి ఎన్ని కావాలో అన్నే ఉంచి, బొమ్మని ముందే చిన్నది చేసి డ్రాయింగులో పెట్టాలి. పొద్దున్న నేను తొందర్లో చుక్కలు తగ్గించకుండా రంగులు పాడుచేశాను. గీతల జోలికి మనం వెళ్లం, అవి ఎంత పెద్దవిగా చూసినా గీతలే. కానీ తగ్గించానంటే సారు ఊరుకోరు కదండీ."

"తగ్గిచ్చిన్నని నువ్వెందుకు జెప్తవు? చెయ్యి. రెండూ ప్రింటు తియ్యి, పెద్ద బొమ్మదీ చిన్న బొమ్మదీ. ఏది ఏదో నాకు గూడ జెప్పకు."

వెంకటేశం అన్నం కలుపుకుంటుండగా కౌసల్య రెండు కాగితాలు ఆయన ముందు పరిచింది. "ఏమయ్యా, కంప్యూటర్ల రెండు తీర్ల వచ్చినయి. ఏది పంపాల్నో మాకు సమజైతలేదు. తల్లిని రోజూ మొక్కెటోనివి నువ్వు. నువ్వే జెప్పు."

ఆయన చెయ్యి దులుపుకుని, కళ్లజోడు పెట్టుకుని, కాగితాలను ట్యూబులైటు కిందికి తీసుకెళ్లాడు. దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు.

"గిదే," అన్నాడు చివరికి. "ముక్కుపుడక సూడు, ఎట్ల మెరుస్తున్నదో. గదాంట్ల జెర కళ తక్కువున్నది. గది నువ్వు తగ్గిచ్చిందే గద ప్రసన్నా? నాకు తెల్వదనుకున్నవా?"

ప్రసన్న ఆయన చేతిలోని కాగితం వైపు చూసింది. ఆయన ఎంచుకున్నది తేలిక ఫైలుదే. నోరు తెరవబోయింది. కౌసల్య బల్ల కింద ఆమె కాలు తొక్కింది.

"మీ సారు జెప్పినంక ఇగ మాటేంది, జల్దీ పంపు."

మెయిలు వెళ్లింది. తిరిగి రాలేదు. వెంకటేశం రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నాడు. ఆయన పెరుగులో ఉండగా కంపెనీ సారు ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు వెంకటేశం.

"డ్రాయింగు అందింది, కొలతలన్నీ స్పష్టంగా ఉన్నాయి. సోమయ్య గారి దాంట్లో అంకెలు చదవలేక చచ్చాం, అదేదో స్కాను కాపీ. ఆర్డరు మీకే. సోమవారం ఇనుప ప్లేట్లు దింపుకోండి."

ఫోను పెట్టేశాక వెంకటేశం గుడి ఉన్న దిక్కుకు తిరిగి, పెరుగన్నం అంటిన కుడిచేయి పక్కకు పెట్టి, ఎడమచేత్తోనే నుదురు తాకాడు. "సూసినవానే? తల్లిని తగ్గియ్యనియ్యలే. గందుకే ఇచ్చింది."

"మరే," అంది కౌసల్య గిన్నెలు సర్దుతూ.

ఆయన వెల్డర్లకు కబురు చెప్పడానికి షెడ్డులోకి పరుగెత్తాడు. ప్రసన్న ఆమె కొంగు పట్టుకుంది. "అక్కా, పాపమేమో. సారుకి నిజం చెప్పేద్దామా?"

కౌసల్య క్యారియర్ క్లిప్పు నొక్కుతూ నింపాదిగా ఆలోచించింది.

"చెప్దం తియ్యి. ముందుగాల ట్యాంకు కానియ్యి, నీళ్లు నింపనియ్యి, ఎక్కడ గూడ కారుతలేదని తేలనియ్యి. గప్పుడు గూడ నువ్వు జెప్పకు. ఇంట్ల కొట్లాటకు ఏమన్న కావాల్సొచ్చినప్పుడు నేనే జెప్త."